చెడుచున్న హార్డ్ డిస్కును బాగుచేయింపవలెనా, మార్పవలెనా?

ఇంటిలో నొక వస్తువు చెడినప్పుడు దానిని బాగుచేయించుకొనుట ధర్మమా, పారవైచి క్రొత్తది కొనుట ధర్మమా యను ప్రశ్న ప్రతి గృహస్థునకును ఎప్పుడో యొకప్పుడు కలుగునదే. మన పెద్దలలో పలువురు ఈ ప్రశ్నకు విచారణ యక్కరలేకయే యుత్తరము చెప్పిరి. ఇత్తడి బిందెకు మాటు వేయించి మూడు తరములు నీళ్లు మోసిన యిల్లాండ్రును, చినిగిన పంచెను తుండుగుడ్డలుగను, తుండుగుడ్డలు చినిగినపిమ్మట మసిగుడ్డలుగను వాడుకొన్న గృహస్థులును మన తాతలనాడు ఎల్లయెడల నుండిరి. ఈ యలవాటును మేము పరిహసింపము. దానియందు పొదుపు మాత్రమే గాక, ఆ వస్తువును చేసిన చేతియెడ గౌరవము గూడ నున్నది. క్రొత్తదనముపై మోజుచే ప్రాతదానిని విసరివేయు నేటి యాచారముకంటె నది యెంతయో మేలు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరునకు చేరువనున్న హుకుంపేటవంటి మన్యపుటూళ్లలో ఈ యలవాటు దృఢముగా నుండుటకు మరియొక కారణము గలదు. సంతలో దొరకని వస్తువు కావలసినచో ఘాటుదారి దిగి విశాఖపట్టణమునకు బోవలయును. కావున ఉన్నదానిని నిలుపుకొనుటయే తెలివి. గొడ్డలి మొద్దువారినచో కమ్మరి కొలిమికి బోవును. కామ విరిగినచో క్రొత్త కామకు కఱ్ఱ కొండపైననే దొరకును. కామను నాలుగుసార్లు మార్చినను, అలుగును రెండుసార్లు కాల్చి సాగగొట్టించినను, అది తాతగారి గొడ్డలిగానే యుండును. దాని గుణమంతయు దానియందే యున్నది గనుక, దానిని బాగుచేయించుట దానిని నిలుపుటయే.

ఇట్టి నీతితో బెరిగిన యొక మనుష్యుని చేతిలో చెడుచున్న హార్డ్ డిస్కు నుంచి చూతము. హుకుంపేట బజారులో నొక ఫోటో స్టూడియో గలదనుకొందము. దాని యజమాని పది పండ్రెండేండ్లుగా చుట్టుప్రక్కల గ్రామముల పెండ్లిండ్లకును పండుగలకును బోయి ఫోటోలును వీడియోలును తీయుచున్నాడు. కులధ్రువీకరణ పత్రములు, రేషను కార్డులు, 2006నాటి అటవీహక్కుల చట్టము క్రింద వచ్చిన పోడుభూముల పట్టాలు స్కాను చేయించుకొనుటకు జనులు ఆయనయొద్దకే వచ్చుచుందురు. థింసా నాట్యముల వీడియోలును, కువి భాషలో ముసలమ్మలు పాడిన పాటలును, అడిగినవారు లేకున్నను, ఇష్టముకొలది పట్టి దాచినాడు. ఇవన్నియు నొక్క డిస్కులోనే యున్నవి. ఒకనాడది తెరువబడుటకు ఆలస్యము చేయసాగెను. కొన్ని ఫోటోలు సగము కనబడి సగము బూడిదరంగైపోయెను. పెట్టెలోనుండి టిక్కు టిక్కుమను ధ్వని వినవచ్చెను. ఫార్మాటు చేసినచో బాగగునని యొకడును, ఫ్రిజ్జులో నొక రాత్రి యుంచినచో పనిచేయునని యింకొకడును సలహా చెప్పిరి. క్రొత్తదానికి కొన్ని వేల రూపాయలగును. ఆయన గొడ్డలి నీతి బాగుచేయించుమని చెప్పుచున్నది. ఏమి చేయవలయును?

ఉత్తరము చెప్పుటకు ముందు ఆ పెట్టెలో నేమి జరుగుచున్నదో కొంత తెలిసికొనవలయును. అందులో నద్దమువలె మెరయు బిళ్లలు నిమిషమునకు 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుచుండును. వానిపై వ్రాయుటకును చదువుటకును ఏర్పరచిన హెడ్డను చిన్న భాగము బిళ్లను తాకక, కొన్ని నానోమీటర్ల యెత్తున గాలిపై దేలుచుండును. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లని తలచినచో ఈ సందు ఎంత సన్ననిదో యూహింపవచ్చును. 1956లో ఐ.బి.యం. సంస్థవారు తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల వెడల్పుగల బిళ్లలు 50 ఉండెను; అన్నియు గలిసి యిముడ్చుకొన్నవి 50 లక్షల అక్షరములు. నేడు అరచేతిలో బట్టు నొక టెరాబైటు పెట్టె అంతకు రెండులక్షల రెట్లు ఇముడ్చుకొనును. ఇంత సూక్ష్మమైన పనిలో హెడ్డు ఒక్కసారి బిళ్లను తాకెనేని గీత పడును. గీతనుండి పొడి లేచును. ఆ పొడి మరల గీతలు పెట్టును. టిక్కుమను ధ్వని తరచుగా ఆ హెడ్డు తన దారి కనుగొనలేక మొదటికి మరలుటవలన బుట్టునది. అట్టి డిస్కును తిప్పిన ప్రతి నిమిషమును దానిలోని దానికి హాని కావచ్చును.

ఫార్మాటు సలహా యొక్క మర్మము గూడ చెప్పుదుము. డిస్కు తనలో చెడిన చోటులను తానే గుర్తించి, వానికి బదులుగా ముందుగా నుంచుకొన్న మంచి చోటులను వాడుకొనును. కావున ఫార్మాటు చేసినపిమ్మట కొన్నాళ్లు బాగుగ నడచినట్లే కనబడును. గోడలో చెమ్మ యుండగా పైన సున్నము కొట్టినట్టిదే యీ బాగు. గూగుల్ సంస్థవారు తమ లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసమున రెండు సంగతులు గలవు. డిస్కు తనిఖీలో మొదటి దోషము కనబడినపిమ్మట 60 దినములలో నది చెడిపోవుట, దోషము లేనివానికంటె 39 రెట్లు ఎక్కువగా నుండెనట. రెండవ సంగతి మరింత భయంకరము: చెడిన డిస్కులలో నూటికి 56కు మించినవి ముఖ్యమైన సూచనలలో నొక్కటియు చూపకయే చెడినవి. కావున టిక్కుమని ముందుగా జెప్పు డిస్కు ఒక విధముగా దయగలదే.

దీనినిబట్టి మా యభిప్రాయము తేటపడుచున్నది. గొడ్డలికిని డిస్కునకును పోలిక లేదు. డిస్కు కుండవంటిది; దానిలోనివి పాలు. పాలకుండ కారుచుండగా, కుండకు లక్క పెట్టింతునా, క్రొత్తకుండ తెత్తునా యని ముంగిట నిలుచుండి తర్కించు నిల్లాలు ఎచ్చటనైన నుండునా? ముందు పాలు వేరొక పాత్రలో బోయును. కుండ మాట తరువాతిది. డిస్కు విషయమున మాత్రము చదువుకొన్నవారు గూడ కుండను గూర్చియే విచారించుచున్నారు. బాగుచేయింపవలెనా మార్పవలెనా యను ప్రశ్నయే తప్పుదారి పట్టించునది. ఇందులో నేమున్నది, ఇది యెవరిది, దీనికి మరియొక ప్రతి గలదా యను మూడు ప్రశ్నలు ముందడిగినచో ఆ మొదటి ప్రశ్నకు ఉత్తరము తనంతట వచ్చును.

ఈ వివేకము మన దేశమునకు క్రొత్తది కాదు. తాటాకు గ్రంథములు మన పూర్వుల డిస్కులు. ఆకు పెళుసెక్కకుండ నిమ్మగడ్డి నూనె పూయుట మొదలగు చికిత్సలు వారెరుగుదురు. కాని చిమ్మటయు చెదలును తేమయు ఎప్పటికైన గెలుచునని గూడ నెరుగుదురు. అందుచేతనే గ్రంథమునకు వారు చేసిన నిజమైన బాగు క్రొత్త ఆకులపై దాని ప్రతి వ్రాయుటయే. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, పురుగులు తినుచున్న తెలుగు గ్రంథములను సేకరించి, తన సొంత సొమ్ముతో పండితులకు జీతములిచ్చి, పలుప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన ఆకులను అతికించుచు గూర్చుండియుండినచో మనకేమి మిగిలెడిది? ఆయన చేర్చిన ప్రతులలో ననేకములు నేటికిని చెన్నపట్టణమునందలి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. తాటాకు పోయి కాగితము వచ్చెను, గ్రంథము నిలిచెను.

పాత్ర గట్టిదైనచో జాలునని యనుకొనువారికి తాళ్లపాకవారి రాగిరేకులు చాలిన యుత్తరము. అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. రాగికి చెదలు పట్టదు. అయినను, తిరుమల భాండారమున చాలకాలము మరుగునబడియుండి యిరువదవ శతాబ్దమున మరల వెలుగునకు వచ్చిన రేకులలో, ఆ సంఖ్యలో సగమైనను లేవు. ఒక్కచోటనే యొక్క ప్రతిగా నున్నది రాగియైనను నమ్మదగదు; ఇక గాలిపై దేలు హెడ్డును నమ్ముటెట్లు?

కావున మన స్టూడియో యజమాని మొదట చేయవలసినది డిస్కును ఆపుట. పిమ్మట దోషము నిజముగా డిస్కుదేనా యని చూడవలయును. పలుమారులు చెడునది కేబులు, కొన్నిసార్లు ఎడాప్టరు, బయట తగిలించు డిస్కులలో పెట్టెలోని చిన్న కార్డు. ఇవి చెడినచో బాగుచేయించుట యనుమాట సార్థకము. వంద రూపాయల కేబులుతో భయమంతయు దీరవచ్చును. డిస్కే చెడుచున్నచో క్రొత్త డిస్కు కొని, ప్రాతదానిపై నేమియు వ్రాయక, దానిలోనిది యంతయు క్రొత్తదానికి దించుకొనవలయును. దీనికై ఉచితముగా దొరకు డీడీరెస్క్యూ అను ప్రోగ్రాము గలదు. అది సులభముగా చదువబడు భాగములను ముందు దించి, మొరాయించు చోటులను కడపటికి విడుచును. మంటలంటుకొన్న యింటిలోనుండి ముందు పిల్లలను దెచ్చి, గోడకంటిన బీరువాను తరువాత జూచుట వంటిదిది. చెడుచున్న డిస్కుపై చెక్ డిస్కు మొదలగు మరమ్మతు ప్రోగ్రాములు నడుపుట దీనికి విరుద్ధము. అవి లెక్కలు సరిచేయు తొందరలో మిగిలినదానిని గూడ చెరుపవచ్చును. ఫ్రిజ్జు వైద్యమువలన లోపల చెమ్మ చేరును. ఇంటిలో పెట్టె విప్పినచో ధూళి పడును. అటువంటిదే మరియొక డిస్కునుండి సర్క్యూటు బోర్డు దీసి తగిలించుట గూడ నేటి డిస్కులలో సామాన్యముగా ఫలింపదు. ఏలయన ప్రతి డిస్కునకును దానికే చెందిన కొలతలు బోర్డుపైనున్న చిప్పులో వ్రాయబడియుండును.

వారంటీ యున్నది గదా యని కొందరు నిశ్చింతగా నుందురు. వారంటీవలన వచ్చునది మరియొక డిస్కు మాత్రమే; అందులోని పెండ్లిండ్లు తిరిగి రావు.

ఇక నిజమైన ధర్మసంకటము ఇంటిలో చేయు ప్రయత్నములకు డిస్కు లొంగనప్పుడు వచ్చును. ధూళి లేని గదులలో పెట్టె విప్పి, హెడ్లు మార్చి, లోనిది వెలికిదీయువారు పెద్ద నగరములలో గలరు. వారి కూలి క్రొత్త డిస్కు వెలకు పలు రెట్లు. లోపలిది తప్పక వచ్చునని వారును చెప్పజాలరు. స్టూడియో యజమాని అంత ధనము వెచ్చింపవలెనా? వలదనువారి వాదము తేలికగా ద్రోయదగినది కాదు. ఆయన ఆల్బములు ఇచ్చివేసెను; కూలి పుచ్చుకొనెను; జన్మమంతయు దాచియుంచెదనని యెవరికిని మాట యీయలేదు. తన పిల్లల చదువునకు దాచిన సొమ్మును ఇతరుల పెండ్లి వీడియోలకై వ్యయపరుపుమని చెప్పుటకు మనమెవరము?

ఈ వాదమును మేము సగమువరకు అంగీకరింతుము. చేయని వాగ్దానమునకు ఎవ్వరును కట్టుబడనక్కరలేదు. కాని ఆల్బము తడిసిపోయినవాడు, స్టూడియోలో నున్నదిలే యని ధైర్యముగా నుండును. చనిపోయిన తల్లి ఫోటో ఇంట లేక, ఎవరి పెండ్లిలోనో వెనుకవరుసలో ఆమె నిలిచిన చిత్రముపైననే యాశ పెట్టుకొన్న కూతురు ఏ గ్రామముననో యుండవచ్చును. వీరెవ్వరికిని జెప్పక, క్రొత్త డిస్కు బిగించుకొని, ప్రాతదానిని సంచిలో వైచి, అడిగినప్పుడు మాత్రము పోయినదనుట మాకు న్యాయముగా దోచదు. వెచ్చించుట ఆయన విధి కాకపోవచ్చును. తెలుపుట మాత్రము విధియే. తెలిపినచో, కావలసినవారు తలకింత వేసికొని పంపుదురు. వేసికొనలేనివారు తమ ఫోన్లలో నున్న ప్రతులనైన భద్రపరచుకొందురు. ఇతరుల జ్ఞాపకముల వెలను ఆ యితరులు లేనిచోట నిర్ణయించు హక్కు డిస్కు కొన్నవానికి రాదని మా తలంపు.

పాటల సంగతి ఇంకను బరువైనది. పెండ్లి ఫోటోకు సొంతదారు లుందురు, అడుగుదురు. కువి పాటను అడుగుటకు రసీదు పట్టుకొని యెవరును రారు. మన్యమున మాటలాడు భాషలలో పెక్కింటికి ప్రాతగ్రంథములు లేవు. పాడిన నోరు మూసికొన్నపిమ్మట పాట యుండదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. (వాడుకభాషకై పోరాడిన యా మహనీయుని ఇట్టి గ్రాంథికములో స్మరించుట వారికి రుచింపకుండునేమో!) భద్రిరాజు కృష్ణమూర్తిగారి కొండభాషా గ్రంథము 1969లో వెలువడినది. ఇవి అచ్చుపడి పలు గ్రంథాలయములకు బోయినవి గనుక, ఒక ప్రతికి చెదలు పట్టినను భాషకు పట్టలేదు. స్టూడియో డిస్కులోని పాటలకు అట్టి రక్ష లేదు. కావున యజమాని శక్తికొలది యొక భాగమునే రక్షింపగలడేని, దించుకొనుటలో ఆ పాటలకు మొదటి స్థానమీయవలయునని మేము చెప్పుదుము. సినిమాలును, ఒకే భంగిమలో తీసిన నలువది ఫోటోలును కడపట నుండవచ్చును. సర్వమును దాచుకొనవలెనను పట్టుదల మాకు లేదు. ఏరుటకు తీరిక లేనివారే సర్వమును దాచుదురు.

వేదాంతులు కొందరు, పుట్టినదెల్ల పోవునదే, ఇంత యారాటమెందులకని యడుగవచ్చును. దేహమును చినిగిన వస్త్రముతో బోల్చు వారి మాట మాకును ప్రియమే. కాని దేహమునుండి దేహమునకు ఆత్మ తానే పోవునట. డిస్కునుండి డిస్కునకు పాట తానై పోదు. ఎవరో యొకరు కేబులు తగిలించి కూర్చుండవలయును.

ఆ కూర్చుండుటయు డిస్కు చెడినపిమ్మట గాక ముందే జరిగినచో సంకటమే లేకపోవును. ముఖ్యమైనదానికి మూడు ప్రతులు, వానిలో నొకటి వేరు విధమైన పాత్రలో, ఒకటి వేరు ఊరిలో నుండవలయునని పనివారు చెప్పుదురు. వేరు ఊరనగా ఎంత దూరము? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు అటు నగరమును, ఇటు మన్యపు కాఫీతోటలకు నీడనిచ్చు చెట్లును ఒక్క దెబ్బతోనే పడినవి. కావున హుకుంపేటలో నొకటి, విశాఖలో నొకటి యుంచి నిశ్చింతగా నుండుట చాలదు. క్లౌడునకు పంపుట మంచిదే గాని, సిగ్నలు నిలువని కొండ గ్రామములనుండి వీడియోలన్నియు పంపుట జరుగు పని కాదు. హైదరాబాదులో చదువుకొను మేనల్లుని సంచిలో నొక డిస్కు పంపుట సులభము. తిరుగు బిళ్లలు లేని క్రొత్త తరహా డిస్కులను గొన్నవారును ఈ పని మానరాదు. అవి టిక్కుమని గూడ చెప్పక చెడును.

గృహిణులకు ఇచ్చట నొకమాట. పలు కుటుంబములలో ఫోటోలును పత్రములును ఏ డిస్కులో నున్నవో, సంకేతపదమేమో పురుషుడొక్కడే యెరుగును. ఆయనకు జబ్బు చేసిననాడు బీమా కాగితము కొరకు ఇల్లంతయు వెదకుదురు. తాళపుచెవులు కొంగున ముడివేసికొన్నవారికి ఈ తాళపుచెవి మాత్రమేల యీయరాదు?

ఇక ప్రాత డిస్కు. లోనిది దించుకొన్నపిమ్మట దానిని పొదుపు పేర మరల వాడుకొనుట తగదు. సినిమాలు దాచుకొందునని మొదలుపెట్టి, చోటు చాలనినాడు మరల పెండ్లిండ్లనే దానిలో వేయుదురు. సంతలో ఇనుప సామానువానికి తూకమునకు అమ్ముట అంతకంటె తగదు. ఫైలు చెరిపినంత మాత్రమున లోనిది పోదు. పైన వేరొకటి వ్రాయువరకు నది యక్కడనే యుండును, వెదకువానికి దొరకును. ఆ డిస్కులో నున్నవి ఊరివారి ఆధార్ కార్డులు, పట్టాలు. వానిని అపరిచితుల చేతిలో బడవేయుట స్కానునకు వచ్చినవారియెడ ద్రోహము. పనిచేయు డిస్కైనచో నంతటను క్రొత్తగా వ్రాయించి చెరుపవలయును. పనిచేయనిదైనచో బిళ్లలను పాడుచేయవలయును. కొన్ని చిన్న డిస్కుల బిళ్లలు గాజువి గనుక సుత్తిదెబ్బకు పగిలి కంటిలో బడవచ్చును; గుడ్డలో జుట్టి కొట్టవలయును. మిగిలిన చెత్తను 2022నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము ఆ పనికై నమోదైనవారికే చేర్చవలయును. విశాఖకు పోవునప్పుడు వెంట తీసికొనిపోవచ్చును. దానిలో నొకటి మాత్రము ఉంచుకొనదగినది గలదు. హెడ్డును కదలించుటకు పెట్టిన అయస్కాంతములు చిన్నవియైనను మిక్కిలి బలమైనవి. వ్రేళ్లు నలుగకుండ జాగ్రత్తగా విడదీసినచో, కొలిమి ప్రక్క బూడిదలో రాలిన మేకులను ఏరుటకు కమ్మరికి చక్కగ నుపయోగించును.